యాభై ప్రతుల్లో అసలు బొమ్మ ఏది? ముద్రణ కళా, యంత్రవిద్యా?

వెన్నెలకాగితం | శనివారం, ఉదయం 9.10

హైదరాబాదులో ఒక ప్రదర్శనలో ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి, దాని నుంచి కాగితం మీదికి అచ్చు తీసిన బొమ్మ) ఒకటి చూశాను. కొనాలని ఉంది. బొమ్మ కింద ఎడమవైపు పెన్సిలుతో 12/50 అని, కుడివైపు కళాకారుడి సంతకం ఉన్నాయి. మా అన్నయ్య అది చూసి, "ఇలాంటివి ఇంకా నలభై తొమ్మిది ఉన్నాయంటే ఇది నకలే కదా! అదే డబ్బుతో చిన్నదైనా చేత్తో వేసిన బొమ్మ కొనుక్కో" అన్నాడు. తన మాట సరికాదని గట్టిగా అనిపిస్తోంది, కానీ ఎందుకో చెప్పలేకపోతున్నాను. యాభై ఉన్నప్పుడు అసలు ఏది? రేకా, మొదటి ప్రతా? ముద్రణను ఎక్కడివరకు యంత్రం పని అనాలి, ఎక్కడినుంచి కళ అనాలి? ఈ పని చేసినవారు, దీని గురించి ఆలోచించినవారు చెప్పండి. ధర సంగతి నాకు అక్కరలేదు.

నల్లసిరా | శనివారం, ఉదయం 10.25

ఎచింగ్ నా వృత్తి కాబట్టి పని ఎలా జరుగుతుందో ముందు చెబుతాను. చాలా సందేహాలు అక్కడే తీరుతాయి.

రాగి రేకు మీద మైనం పూత పూసి, సూదితో గీస్తాం. గీసినచోట మైనం లేచిపోయి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ఉంచితే ఆ గీతలను ఆమ్లం తినేస్తుంది. ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు. తరువాత పూత కడిగేసి, రేకంతా సిరా రుద్ది, గంజిపెట్టిన పలుచని గుడ్డతో పైసిరా తుడుస్తాం. గాట్లలో సిరా మిగులుతుంది. నీటితో తడిపిన కాగితాన్ని రేకు మీద పరిచి, పైన ఉన్ని దుప్పట్లు వేసి, రెండు రోలర్ల మధ్య నుంచి గట్టి ఒత్తిడితో నడిపిస్తాం. తడికి మెత్తబడిన కాగితం గాట్లలోకి దిగి సిరాను అందుకుంటుంది. ఎండిన ప్రతి మీద వేలితో రాస్తే గీత ఉబ్బుగా తగులుతుంది. కలంతో గీసిన గీతకు ఆ లక్షణం ఎన్నటికీ రాదు.

ఇప్పుడు మీ అన్నయ్యగారి మాట. నకలు అనాలంటే వెనక ఎక్కడో ఒక అసలు ఉండాలి. ఇక్కడ అది లేదు. రేకు మీద బొమ్మ తిరగబడి ఉంటుంది, నలుపు తెలుపులు తెలియవు, లోహం మీద వెలుతురు పడితే గీతలు సరిగా కనబడవు. నేను వేసే బొమ్మ మొదటిసారి కనబడేది కాగితం ఎత్తినప్పుడే. అంతకుముందు అది నా తలలోనూ పూర్తిగా లేదు, ఎందుకంటే ఆమ్లం ఏం చేస్తుందో నాకు సగమే తెలుసు. ఆ యాభై కాగితాల్లో ప్రతి ఒక్కటీ అసలే.

తర్కప్రియ | శనివారం, మధ్యాహ్నం 12.40

నల్లసిరా గారు పనిలోంచి చెప్పినదాన్ని అమెరికన్ తత్త్వవేత్త నెల్సన్ గుడ్‌మన్ 1968లో తర్కంలోంచి చెప్పాడు. ఆయన కళలను రెండుగా విడదీశాడు. తైలవర్ణ చిత్రానికి దొంగ చిత్రం ఉండగలదు, ఎంత బాగా అనుకరించినా అది దొంగదే. పద్యానికి దొంగ పద్యం ఉండదు. అక్షరాలు తప్పుపోకుండా ఎవరు రాసుకున్నా, ఏ కాగితం మీద వేసినా అదే పద్యం. మరి ఎచింగ్ ఎటు? ఆయన జవాబు నాకు చాలా ఇష్టం. అది చిత్రం వైపే నిలుస్తుంది, కానీ రెండు దశల్లో పుడుతుంది. రేకు మొదటి దశ, ప్రతి రెండో దశ. ఆ రేకు నుంచి వచ్చిన ప్రతులన్నీ అసలైనవే. అదే బొమ్మను ఇంకో రేకు మీద అచ్చుగుద్దినట్టు చెక్కి తీసిన ప్రతి మాత్రం దొంగది. అంటే ఒకటే ఉండటం వేరు, అసలైనది కావటం వేరు. మనకు చిత్రకళ అలవాటై ఆ రెంటినీ కలిపేసుకున్నాం.

అయితే ఒక చిక్కుంది. అదే అచ్చుయంత్రం మీద పద్యమూ వేస్తారు, బొమ్మా వేస్తారు. పద్యం విషయంలో ప్రతుల మధ్య తేడాకు విలువ లేదు, బొమ్మ విషయంలో తేడాయే ప్రాణం. ఒకే సాధనం ఈ రెండు పనులూ ఎలా చేస్తోంది?

సీసపుపెట్టె | శనివారం, సాయంత్రం 5.05

తర్కప్రియ గారూ, పద్యం విషయంలో తేడాకు విలువ లేదన్న మాటను అచ్చుపనివాడు ఒప్పుకోడు.

మాది కంపోజింగ్ కుటుంబం. తెలుగు అక్షరాలను సీసపు టైపుతో కూర్చటం ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. ఇంగ్లీషు టైపు పెట్టెలో ఉన్నట్టు కొన్ని పదుల గళ్లతో సరిపోదు. గుణింతాలకు, వత్తులకు కలిపి వందల గళ్లు కావాలి. అక్షరాలు తలకిందులుగా, తిరగబడి ఉంటాయి. చేతివేళ్లకు వాటి చోటు తెలిసి ఉండాలి, కన్ను వెతకకూడదు. వత్తు కింద వేలాడాలి కాబట్టి వరుసకూ వరుసకూ మధ్య ఎక్కువ చోటు విడవాలి. తెలుగు పుస్తకం పుట నిండుగా, గాలి ఆడుతున్నట్టు కనబడేదంటే ఆ చోటు వల్లే. సాంకేతిక అవసరం కంటికి అందంగా మారిన సందర్భం అది.

ఇదేదో మనకే వచ్చిన కష్టం అనుకోకండి. గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో బైబిలు అచ్చు వేసినప్పుడు లాటిన్ అక్షరాలు ఇరవై చిల్లరే. కానీ ఆయన పోతపోయించిన టైపు రూపాలు దాదాపు 290. లేఖకులు రాసే జంట అక్షరాలు, కుదింపు గుర్తులు అన్నీ కావాలనుకున్నాడు. వరుసలన్నీ రెండంచులా సమంగా రావటానికి అవి పనికొచ్చాయి. మొదటి పుటల్లో ఎర్ర శీర్షికలను కూడా యంత్రం మీదే వేయాలని చూసి, తరువాత మానేసి, చేత్తో రాసేవారికి ఆ చోటు వదిలేశాడు. యంత్రం ఎక్కడ ఆగాలో, చెయ్యి ఎక్కడ అందుకోవాలో తేల్చుకుంటూ పోయిన మనిషి ఆయన. ఆ తేల్చుకోవటమే నా దృష్టిలో ముద్రణ కళ.

ఇంకో సంగతి. మా కాలంలో కాగితం వెనక టైపు గాటు తగిలిందంటే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. సిరా అంటాలి, కాగితం నలగకూడదు. ఎక్కడైనా అక్షరం తక్కువ పడితే దాని కింద పలుచని కాగితం ముక్క అంటించి ఒత్తిడి సరిచేసేవాళ్లం. ఇప్పుడు పాత పద్ధతిలో వేసే శుభలేఖల్లో లోతుగా గుంటపడ్డ అక్షరమే గొప్ప అంటున్నారు. నాకు అందులో తప్పేమీ కనబడదు. ఆఫ్‌సెట్ (ప్లేటు మీది సిరాను రబ్బరు మీదుగా కాగితానికి ఎక్కించే పద్ధతి) వచ్చాక నున్నని అచ్చు ఎక్కడైనా దొరుకుతోంది, లోహం కాగితాన్ని తాకిన గుర్తు కోసం మనుషులు వెతుక్కుంటున్నారు. ఒక తరం దాచిపెట్టిన దోషం తరువాతి తరానికి రుచి అయింది.

నాలుగురంగులు | శనివారం, రాత్రి 8.30

ఆఫ్‌సెట్ మాట వచ్చింది కాబట్టి నేను కలగజేసుకుంటాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ యంత్రం దగ్గరే ఉన్నాను. ఈ చర్చలో తేడా, చేతి గుర్తు, ప్రతి ప్రతికీ ప్రాణం అనే మాటలు చదువుతుంటే, ఒకేలా వేయటం కళ కాదన్నట్టు ధ్వనిస్తోంది. దీనికి నేను ఒప్పుకోను.

నీలం, గులాబీ, పసుపు, నలుపు నాలుగు ప్లేట్లు. నాలుగూ వెంట్రుకవాసి తప్పకుండా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. ప్లేటు మీద నీరూ, జిడ్డుసిరా పక్కపక్కనే ఉంటాయి. నీరు ఎక్కువైతే రంగు పాలిపోతుంది, తక్కువైతే ఖాళీచోటంతా మురికి పడుతుంది. గదిలో ఉక్క పెరిగితే కాగితం సాగుతుంది. మొదటి వేల కాగితాలకూ చివరి వేల కాగితాలకూ రంగు ఒక్కటిగా ఉండాలంటే నిమిషానికోసారి కాగితం లాగి చూసుకోవాలి, చేతిలో కొలిచే పరికరం ఉన్నా సరే. తేడా రావటానికి ఏ ప్రయత్నమూ అక్కరలేదు, యంత్రాన్ని వదిలేస్తే అదే వస్తుంది. ఒకేలా రావటానికే మనిషి కావాలి.

పైగా ఒకేలా ఉండటం మీద లోకం నిలబడి ఉంది. బ్యాలెట్ కాగితం, మందుసీసా చీటీ, పాఠ్యపుస్తకం, పటం. 2014లో రాష్ట్రం విడిపోకముందు శ్రీకాకుళం పిల్లకూ ఆదిలాబాద్ పిల్లవాడికీ ఒకే పుటలో ఒకే బొమ్మ ఉండేది. తాళపత్రాల కాలంలో ఎక్కడి ప్రతి అక్కడే మారిపోయేది. బ్రౌన్ దొర వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించటానికి ముందు ఎన్ని ప్రతులు పోగుచేసి, పండితుల చేత పోల్చి చూపించాడో తెలుగువారందరికీ తెలుసు. పాఠం నిలవటం అనే ఆ మేలు ముద్రణ ఇచ్చిందే. చిన్నచూపు చూడకండి.

తర్కప్రియ | శనివారం, రాత్రి 9.15

నాలుగురంగులు గారూ, ఈ చర్చలో లోటుగా ఉన్న మాట మీరే చెప్పారు. మీరు పద్యం పక్షం, నల్లసిరా గారు బొమ్మ పక్షం అనుకున్నాను. చూడబోతే మీ ఇద్దరి శత్రువూ ఒకటే, వదిలేసిన యంత్రం.

మచిలీతీరం | ఆదివారం, ఉదయం 7.50

మాది పెడన. కాగితం మీద అచ్చు గురించే అందరూ మాట్లాడుతున్నారు, గుడ్డ మీద అచ్చును తీసుకురండి ఇందులోకి.

మా దగ్గర టేకు చెక్క అచ్చులతో కలంకారీ వేస్తారు. బయటివారు అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద కొడితే ఆ రంగు పడుతుందనుకుంటారు. ఎరుపు అలా రాదు. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. అచ్చుతో వేసేది పటిక జిగురు, దానికి సొంత రంగు దాదాపు ఉండదు. చాలావరకు కంటికి కనబడని బొమ్మను వేస్తాం. ఆ తరువాత గుడ్డను పారే నీళ్లలో జాడించి, ఎర్ర వేరు రంగుతో రాగి కాగుల్లో ఉడికిస్తే, పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. నలుపూ అంతే. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరవేసి తీసిన కసిమి, కరక్కాయతో కలిసినప్పుడే నల్లబడుతుంది. నల్లసిరా గారు ఆమ్లం ఏం చేస్తుందో సగమే తెలుసన్నారు. మాకు ఆ మిగతా సగం ఏటి నీరు, ఎండ.

అచ్చు చెక్కేవారు వేరు, అద్దేవారు వేరు, ఉడికించేవారు వేరు. ఒక పూవుకు అంచు అచ్చు, లోపలి రంగుల అచ్చులు అన్నీ విడివిడిగా ఉంటాయి. అద్దేవారి చెయ్యి ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చును కలిపేచోట పల్చని అతుకు కనబడుతుంది. దాన్ని చూసే ఇది చేతి అచ్చు, యంత్రం మీద స్క్రీన్ పెట్టి వేసింది కాదు అని గుర్తుపడతారు. నా బాధల్లా ఒక్కటే. గుడ్డ మీద ఎవరి పేరూ ఉండదు. అయిదారుగురి పనితనం కలిసిన వస్తువుకు కళాకారుడు ఎవరు? పెన్సిలు సంతకం ఉంటేనే కళ అంటే మా తాతలందరూ లెక్కలోకి రారు.

వెన్నెలకాగితం | ఆదివారం, ఉదయం 9.30

మచిలీతీరం గారి ప్రశ్న నా ప్రశ్న కంటే పెద్దది. ఒక్కరే గీసి, ఒక్కరే ముద్రించాలన్న నియమం ఎక్కడినుంచి వచ్చింది?

ఇసుకతిన్నె | ఆదివారం, ఉదయం 11.00

చాలా కొత్తది ఆ నియమం. జపాన్‌లో హొకుసాయ్ పెద్ద అల బొమ్మను 1831 ప్రాంతంలో వేశాడు. వేశాడంటే కాగితం మీద గీశాడు. ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి చెక్కేస్తారు, చెక్కటంలోనే ఆయన గీసిన కాగితం నాశనమవుతుంది. చెక్కేవారు వేరు, రంగులు అద్ది తీసేవారు వేరు, పెట్టుబడి పెట్టి ఎన్ని వేయాలో చెప్పే ప్రచురణకర్త వేరు. వేలల్లో తీశారు. మొదటి ప్రతుల్లో గీతలు గట్టిగా ఉంటాయి, చెక్క అరిగేకొద్దీ తరువాతి వాటిలో తెగిపోతాయి. ప్రపంచంలో ఇంతమంది గుర్తుపట్టే బొమ్మ మరొకటి లేదేమో, దానికి హొకుసాయ్ చేత్తో గీసిన అసలు అంటూ ఏదీ మిగల్లేదు. పేరు మాత్రం ఒక్కడిదే మిగిలింది. అది న్యాయం కాదు.

మన ఇళ్లలో గోడలకు వేలాడిన రవివర్మ పటాలు దీనికి తిరగబడ్డ కథ. 1894లో ముంబయిలో ఆయన పెట్టించిన ముద్రణాలయంలో జర్మన్ నిపుణులు పనిచేశారు. అక్కడ అసలు ఉంది, తైలవర్ణ చిత్రం. అచ్చువేసినది నిజంగా నకలే. కానీ ఆ నకలు తయారుచేయటానికి, రాతి పలక మీద గీసి అచ్చు తీసే పద్ధతిలో, రంగుకొక రాయి చొప్పున తీసుకుని, చిత్రాన్ని చూస్తూ చుక్కచుక్కగా మళ్లీ గీశారు. ఆ చేతుల పేర్లు కూడా మనకు తెలియవు. గుడి గడప తొక్కటానికి వీల్లేనివారి గోడమీద కూడా లక్ష్మీ సరస్వతులు కొలువుతీరారంటే ఆ నకళ్ల వల్లే. అసలు మహారాజుల మేడల్లో ఉండిపోయింది, దేశమంతా తిరిగింది నకలు. కాబట్టి వెన్నెలకాగితం గారి అన్నయ్యకు ఇది కూడా చెప్పాలి. నకలు అయినంత మాత్రాన విలువ లేదనుకోకూడదు.

ఉప్పుగాలి | ఆదివారం, మధ్యాహ్నం 2.20

నేను న్యూయార్క్ దగ్గర ఉంటాను. ఈ చర్చలో మన చిత్తూరు జిల్లా మనిషి పేరు ఇంకా రాకపోవటం ఆశ్చర్యంగా ఉంది. కృష్ణారెడ్డి. 1925లో నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, పారిస్ వెళ్లి హేటర్ అనే ఇంగ్లీషు ముద్రణ కళాకారుడు నడిపిన ఆటెలియే 17 అనే ముద్రణశాలలో చేరారు. తరువాత దానికి సహ నిర్దేశకులయ్యారు. చివరి దశాబ్దాలు న్యూయార్క్‌లో గడిపి 2018లో కన్నుమూశారు.

కళా, సాంకేతికతా అనే ప్రశ్నకు నాకు తెలిసి ఆయన రేకులను మించిన జవాబు లేదు. అంతకుముందు రంగుల ఎచింగ్ అంటే రంగుకొక రేకు, ఒకదాని తరువాత ఒకటి అచ్చు. ఆయన, ఆయన సహచరులు కలిసి ఒకే రేకు నుంచి ఒకేసారి అన్ని రంగులూ తీసే పద్ధతిని పెంచారు. కిటుకు సిరా చిక్కదనంలో ఉంది. రేకును రకరకాల లోతుల్లో చెక్కుతారు. గాట్లలో ఒక సిరా నింపి తుడుస్తారు. తరువాత గట్టి రోలరుతో, అవిసెనూనె ఎక్కువ కలిపిన పలుచని సిరా పూస్తారు. గట్టిది కాబట్టి అది ఎత్తైన భాగాలనే తాకుతుంది. ఆపైన మెత్తని రోలరుతో, నూనె తక్కువున్న జిగట సిరా. మెత్తనిది కాబట్టి లోతుల్లోకి దిగుతుంది. నూనె సిరా ఉన్నచోట జిగట సిరా అంటుకోదు. రంగులు కలిసిపోకుండా పక్కపక్కనే నిలుస్తాయి, ఒక్క ఒత్తిడితో మొత్తం కాగితం మీదికి వస్తుంది.

ఆయన శిల్పి కూడా. రేకును బొమ్మ గీసే పలకగా చూడలేదు, తవ్వే నేలగా చూశారు. ఒకే రేకును ఎన్నో రంగుల కూర్పులతో తీశారు, పక్కపక్కన పెడితే వేర్వేరు రుతువుల్లా ఉంటాయి. ఇందులో నూనె, జిగట, రోలరు మెత్తదనం అన్నీ ప్రయోగశాల మాటలే. వాటిని తీసేస్తే మిగిలే కళ అంటూ ఏదీ లేదు. ముందు ఒక ఊహ పుట్టి, దాన్ని అమలుచేయటానికి యంత్రం వచ్చిందనే క్రమమే ఆయన దగ్గర తప్పు. సిరా ఇలా ప్రవర్తిస్తుందని తెలిశాక పుట్టిన ఊహలు అవి.

సీసపుపెట్టె | ఆదివారం, సాయంత్రం 4.10

ఉప్పుగాలి గారూ, నూనెకూ నీటికీ పడదన్న సంగతి మీదే సెనెఫెల్డర్ 1796 ప్రాంతంలో మ్యూనిక్‌లో రాతి అచ్చును కనిపెట్టాడు. తన నాటకాలు చవగ్గా అచ్చు వేసుకోవాలన్నది ఆయన కోరిక. అందులోంచే రవివర్మ పటాలూ వచ్చాయి, నాలుగురంగులు గారి ఆఫ్‌సెటూ వచ్చింది. డబ్బు ఆదా కోసం పుట్టిన పద్ధతిని చిత్రకారులు ఎత్తుకుపోయారు. పారిస్ గోడల మీద తులూజ్ లోత్రెక్ పోస్టర్లను 1891 నుంచి రాతి అచ్చులోనే వేశారు, అవి నాట్యశాలల ప్రకటనలు.

తర్కప్రియ | ఆదివారం, సాయంత్రం 6.45

అయితే 12/50 లో ఆ యాభై సంగతి ఏమిటి? రాతి అచ్చులో వేల ప్రతులు తీయగలిగినప్పుడు యాభైతో ఆపటం కళా నియమమా, అంగడి నియమమా? ఆగాక రేకు మీద అడ్డంగా గీత గీసి పాడుచేస్తారని విన్నాను. జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యామిన్ 1930లలో ఒక మాట అన్నాడు. ఫొటో నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు, వాటిలో అసలైనది ఏదని అడగటమే అర్థం లేనిది అని. మరి ముద్రణ కళాకారులు ఆ సమృద్ధిని చూసి భయపడి, చేతులారా కరువు సృష్టించుకున్నట్టు లేదా?

నల్లసిరా | ఆదివారం, రాత్రి 10.05

దీనికి వివరంగా జవాబు చెప్పాలి.

సంఖ్యకు మొదట్లో లోహమే కారణం. డ్రైపాయింట్ అనే పద్ధతి ఉంది. ఆమ్లం లేకుండా సూదితోనే రాగిని గీరితే గీత పక్కన సన్నని లోహపు గరుకు లేస్తుంది. సిరా ఆ గరుకులో చిక్కుకుని, ముఖమల్ లాంటి నలుపునిస్తుంది. ఒత్తిడికి ఆ గరుకు త్వరగా అణిగిపోతుంది. కొద్ది ప్రతులకే ఆ నలుపు పోతుంది. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1653 నాటి తన మూడు శిలువల రేకును అలాగే తీసి, గీతలు అరిగాక ఆ రేకునే గీకి, మనుషులను చెరిపి, చీకటిని కమ్మించి దాదాపు కొత్త బొమ్మ చేశాడు. అరుగుదల ఆయన చేత రెండోసారి ఆలోచింపజేసింది. పందొమ్మిదో శతాబ్దంలో రాగి మీద పలుచని ఇనుపపూత వేయటం వచ్చాక రేకు అరగటం బాగా తగ్గింది. లోహం పెట్టిన హద్దు పోయింది, కాగితం మీద సంఖ్య మిగిలింది. కాబట్టి తర్కప్రియ గారూ, మీ అనుమానం సగం నిజం. ఇవాళ చాలాచోట్ల యాభై అనేది అంగడి సంఖ్యే.

మిగతా సగం ఇది. యాభై అని రాసి సంతకం పెట్టినప్పుడు నేను ఒక హామీ ఇస్తున్నాను. ఈ యాభైని నేనే చూశాను, నాకు నచ్చినవే ఉంచాను, నచ్చనివి చించేశాను అని. స్పెయిన్ చిత్రకారుడు గోయా యుద్ధఘోరాల రేకులు 80, ఆయన 1828లో పోయాక 35 ఏళ్లకు, 1863లో మాడ్రిడ్ అకాడమీ అచ్చు వేసింది. రేకులు ఆయనవే. సిరా ఎంత ఉంచాలి, ఎంత తుడవాలి అన్నది మాత్రం వేరెవరో నిర్ణయించారు. గోయా బతికుండగా తీసిన పరీక్ష ప్రతుల్లో గీతలు ఎండుగా, శుభ్రంగా ఉంటాయి. అకాడమీ ప్రతుల్లో మీద సిరా పొర ఎక్కువ, మసకగా ఉంటుంది. ఒకే రేకు. ఒకదానిలో నిర్దాక్షిణ్యంగా చెప్పినట్టుంటుంది, రెండోదానిలో విషాదపు తెర కప్పినట్టుంటుంది. రేకే అసలు అనేవారు ఈ తేడాకు ఏం చెబుతారు?

నేను తీవ్రంగా వ్యతిరేకించేది ఒకటుంది. తైలవర్ణ చిత్రాన్ని స్కాన్ చేసి, ఇంక్‌జెట్ మీద వేసి, కింద 1/100 అని రాసి అమ్మటం. అది మంచి నకలే కావచ్చు, ఇసుకతిన్నె గారన్నట్టు నకలుకూ గౌరవం ఉంది. అలా అయితే నకలు అనే అమ్మాలి. కంప్యూటర్ మీదే పుట్టి, అచ్చులోనే పూర్తయ్యే బొమ్మల మాట వేరు. వాటిని నేను ముద్రణ కళగానే లెక్కిస్తాను.

నాలుగురంగులు | సోమవారం, ఉదయం 6.40

నేను చించేసేది తేడా వచ్చిన కాగితం, నల్లసిరా గారు చించేసేదీ అదే. మా ఇద్దరి పనికీ మధ్య గోడ ఎక్కడుందో నాకిప్పుడు కనబడటం లేదు.

మచిలీతీరం | సోమవారం, ఉదయం 8.15

మా దగ్గర అచ్చును పాడుచేసే ఆచారం లేదు. అచ్చు అరిగితే దాని ముద్రనే గుర్తుగా పెట్టుకుని కొత్త చెక్క మీద మళ్లీ చెక్కుతారు. చెక్కే చెయ్యి మారినప్పుడు ఆకు వంపు కొద్దిగా మారుతుంది. గుడ్‌మన్ లెక్కలో అది దొంగది అవుతుందేమో. మాకు అది అదే తీగ. తర్కప్రియ గారు దీని గురించి ఆలోచించాలి.

తర్కప్రియ | సోమవారం, ఉదయం 9.00

నిజమే, మీ అచ్చు ఆయన గీసిన రెండు గళ్లలో దేనిలోనూ ఇమడదు. పద్యంలా చేతులు మారుతుంది, బొమ్మలా మారిన ప్రతి చేతినీ చూపిస్తుంది. ఆ వర్గీకరణ చేసినవారి ముందు పాశ్చాత్య కళాకారుడి సంతకం ఉంది, పెడన వీధి లేదు.

వెన్నెలకాగితం | సోమవారం, ఉదయం 10.30

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ సాయంత్రం మళ్లీ వెళ్తున్నాను. నల్లసిరా గారూ, ఆ బొమ్మ వేసినవారినే కలిసే అవకాశం ఉంది. ఏం అడగమంటారు?

నల్లసిరా | సోమవారం, ఉదయం 11.10

ఏ పద్ధతి, ఏ కాగితం, స్వయంగా తీశారా, వేరొకరు తీశారా అని అడగండి. వేరొకరైతే వారి పేరు అడిగి రాసుకోండి. మచిలీతీరం గారి బాధకు మనవల్ల అయ్యే పని అది. కుదిరితే అదే రేకు నుంచి వచ్చిన ఇంకో రెండు ప్రతులు చూపించమనండి, పక్కపక్కన పెట్టి నీడల దగ్గర చూడండి. మీకు నచ్చింది 12 కాకుండా 31 అయితే 31 తీసుకోండి. చిన్న సంఖ్య గొప్పదన్నది అపోహ, కళాకారులు చాలామంది తీసిన వరుసలో సంఖ్యలు వేయరు. వీలైతే మీ అన్నయ్యను కూడా తీసుకెళ్లి, రేకు ఉంటే చేతికివ్వమనండి.